రాగి మేకులు

నా భార్య హైదో తన చావు కోసం నేసుకున్న గుడ్డను స్టెరియోస్ దొంగిలించాడు. ఆమెను ఆసుపత్రి దుప్పటిలో చుట్టి పాతిపెట్టాం. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఇంతవరకు జరిగింది ఇది. గ్రీకు దేశంలోని మా కొండ ఊరి నుంచి చర్చి పూజారి పాపా-లూకాస్ కబురు పంపాడు. హైదో ఉన్న వరస సమాధులు ఈ ఏడు తవ్వుతున్నారు. చచ్చినవాళ్ళను తలుచుకునే ఆత్మల శనివారం నాడు ఎముకలు పైకి తీస్తారు, ఎర్ర వైన్‌తో కడుగుతారు, గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి చర్చి వెనక గదికి చేరుస్తారు. మొదటిసారి ఎవరిదో దుప్పటిలో పోయింది. రెండోసారైనా తన గుడ్డలో పడుకోవాలి. అది నా పని. ఇంకెవరూ చేయరు.

ఆ గుడ్డను ఆమె పెళ్ళికి ముందే నేసుకుంది. ప్యారిస్ వచ్చేటప్పుడు పెట్టె అడుగున పెట్టి తెచ్చుకుంది. జబ్బు ముదిరి ఊరెళ్ళిపోయినప్పుడు ఆ పెట్టె కూడా వెళ్ళింది. ఆమె పోయాక తెరిస్తే గుడ్డ లేదు. ఆసుపత్రిలో ఎవరో కాజేశారనుకున్నాను. మొన్న భుజాన తోళ్ళ మూట వేసుకుని గీసిన బొమ్మలు అమ్మే దుకాణాల వీధిలో నడుస్తుంటే ఒక అద్దం వెనక కనిపించింది. చట్రానికి బిగించిన గుడ్డ మీద వేసిన నిలువెత్తు తెల్ల బొమ్మ. కింద అంచు కుట్టని పోగులు వేలాడుతున్నాయి. పోగుల పక్కన మూడు నీలి గీతలు. ఆ గీతలు హైదో చేతివి. బొమ్మ కింద స్టెరియోస్ పేరు ఉంది. మా పెళ్ళిలో మా నెత్తిన కిరీటాలు మార్చిన కుంబారోస్, అంటే పెళ్ళిపెద్ద, వాడు. ప్యారిస్‌లో ప్రతి ఆదివారం మా బల్ల దగ్గర చిక్కుళ్ళ పులుసు తాగినవాడు.

రైలు రేపు. అందుకే ఈ మధ్యాహ్నమే వాడి మెట్లు ఎక్కాను.

తలుపు తీసే ఉంది. లోపల సున్నం, జిగురు, తడి గోడ వాసన. ఆ తెల్ల బొమ్మను దుకాణం నుంచి తెచ్చి గోడకు ఆనించారు. పక్కన కొత్త చెక్కపెట్టె మూత తెరుచుకుని ఉంది. పెట్టె అంచు మీద ఒక ఆడమనిషి కూర్చుని సిగరెట్ తాగుతోంది. ఆ దుకాణం యజమానురాలు, మదాం రుయెల్. ఒంటి మీద నక్క కోటు. వీపు తోలు కాదు, కాళ్ళ తోలు ముక్కలు అతికించి కుట్టినది. చూడగానే తెలిసింది. పని బాగానే చేశారు గానీ మోసం మోసమే.

స్టెరియోస్ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చేతులు తుడుచుకున్నాడు.

"వచ్చావా," అన్నాడు. "కిటికీలో పెట్టొద్దే తల్లీ అని ఈవిడతో మొత్తుకున్నాను. మావాడు ఆ వీధినే తోళ్ళు మోస్తాడని చెప్పాను. వింటేనా!"

"అంటే తెలిసే చేశావు."

"కూర్చో కుంబారే. కాఫీ పెడతాను."

"నీ శవం లేచినరోజు వచ్చినవాళ్ళందరికీ పోస్తార్లే కాఫీ. అప్పుడొచ్చి తాగుతాను."

వాడు నవ్వాడు. చిన్నప్పటి నుంచీ అంతే. తిడితే నవ్వుతాడు. వాళ్ళ నాన్న చర్చి గోడల మీద సాధువుల్ని గీసేవాడు. వీడు పక్కన నిలబడి రంగులు నూరేవాడు. సాధువు ముక్కు వంకర గీశాడని వాళ్ళ నాన్న బెత్తంతో కొడితే అప్పుడూ నవ్వాడు. తర్వాత అంతర్యుద్ధంలో కొండల్లో తుపాకీ పట్టాడు, ఓడిపోయే పక్షాన. ఓడిపోయాక సరిహద్దులు దాటి ఇక్కడ తేలాడు. మా దేశం ప్రభుత్వం వీడి పౌరసత్వం పీకేసింది. ఊళ్ళో అడుగుపెడితే జైలే. హైదోను పాతిపెట్టిన రోజున కూడా రాలేకపోయాడు.

ఇక్కడ మాత్రం ఏం వెలగబెట్టాడు? ఏళ్ళ తరబడి ఫ్రెంచివాళ్ళు గీసేది చూసి గీశాడు. ఎవడూ కొనలేదు. సినిమాహాళ్ళ ముందు బోర్డులకు రంగులేశాడు, హోటళ్ళకు సున్నం కొట్టాడు. ఉన్నట్టుండి ఈ తెల్ల బొమ్మలు మొదలయ్యాయి. పేరొచ్చింది. పత్రికల్లో ఫోటోలొచ్చాయి. రేపు ఈ బొమ్మ ఆమ్‌స్టర్‌డాం వెళ్తోంది, అక్కడి మ్యూజియం గోడకి. ఆ తెలుపు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకిప్పుడు తెలిసింది.

మదాం రుయెల్ లేచి చెయ్యి చాపింది.

"మీరు కూడా గ్రీకువారేనా? ఎంత అదృష్టం! మీ సముద్రం, ఆ వెలుతురు, అదంతా ఈ బొమ్మలో ఉందండీ. ఈ పోగులు చూడండి. అలల నురగ అని పత్రికలో రాశారు."

నా ఫ్రెంచి తోళ్ళ కొట్టు ఫ్రెంచి. ఆమెకు జవాబివ్వడానికి అది చాలు.

"మా ఊరికి సముద్రం లేదు," అన్నాను. "మేకలున్నాయి."

ఆమె స్టెరియోస్ వైపు చూసింది. వాడు భుజాలెగరేశాడు.

"దించు," అన్నాను వాడితో, మా భాషలో. "ఆత్మల శనివారం ఆమెను పైకి తీస్తున్నారు. గుడ్డ కావాలి."

వాడి నవ్వు పోయింది.

"ఈ ఏడేనా?"

"ఈ ఏడే. దించు."

"నాసో, ఒక్కమాట విను. నేను దొంగిలించలేదు. ఆమే తెచ్చిచ్చింది."

"నోరు ముయ్యి."

"ఊరెళ్ళే ముందు చంకలో పెట్టుకుని ఈ మెట్లే ఎక్కింది. రొప్పుతూ ఎక్కింది. అదిగో, ఆ కుర్చీలో కూర్చుంది."

"ఏ ఆడదైనా తన చావుగుడ్డ పరాయివాడికిస్తుందట్రా?"

"నేను పరాయివాణ్ణా? నీ నెత్తిన కిరీటం పెట్టినవాణ్ణి."

"అదే నేను చేసిన తప్పు, ఆ కిరీటం తెచ్చి నీ మొహాన కొడతాను. చచ్చినదాని మీద అబద్ధాలాడకు. చచ్చినవాళ్ళు లేచొచ్చి కాదనరనేగా నీ ధైర్యం!"

వాడు బల్ల మీద నుంచి పటకారు తీసి నా చేతిలో పెట్టాడు.

"తీసుకో," అన్నాడు. "నీదే. మేకులు వెనక ఉన్నాయి."

ఇద్దరం చెరోవైపు పట్టుకుని బొమ్మను నేల మీద బోర్లించాం. బరువుగా ఉంది. మదాం రుయెల్ సిగరెట్ పారేసి అరవడం మొదలుపెట్టింది. ఆమె అరుపుల్లో నాకు తెలిసిన మాటలు రెండే. ఒకటి పిచ్చోడు, రెండు పోలీసులు.

"ఏమంటోంది?"

"నిన్ను పట్టిస్తానంటోంది."

"నువ్వేం చెప్పావు?"

"చట్రం బిగించడానికి వచ్చిన మనిషివని చెప్పాను."

"నమ్మిందా?"

"నీ మొహం చూసి ఎవరు నమ్ముతారు?"

మోకాళ్ళ మీద కూర్చున్నాను. చట్రం చుట్టూ గుడ్డను మడిచి మేకులు దిగ్గొట్టాడు. మొదటి మేకు తల కింద పటకారు దూర్చాను. నాకు తెలిసిన మేకు గట్టిగా ఉంటుంది, పీకితే కీచుమంటుంది. ఇది మెత్తగా వంగింది. వెలుతురుకి పట్టి చూశాను. ఎర్రగా ఉంది. రెండోది పీకాను. అదీ అంతే. మూలమూలకీ వెళ్ళి చూశాను. ఒక్క ఇనుప మేకు లేదు. అన్నీ రాగివే.

చేతులు ఆగిపోయాయి.

మా ఊళ్ళో చావుగుడ్డకు ఇనుము తగలనివ్వరు. కత్తెర పెట్టరు, సూది పెట్టరు, అంచు కుట్టరు. మగ్గం మీద నుంచి దించేటప్పుడు పడుగు పోగుల్ని కొవ్వొత్తితో కాల్చి తెంపుతారు. ఇది ఆడవాళ్ళ సంగతి. మగవాళ్ళకు తెలియదు. నాకు తెలిసిందంటే మా అమ్మ పోయినరోజున తెలిసింది. గుడ్డ పొడుగైందని నేను కత్తెర తెస్తే హైదో నా మణికట్టు మీద కొట్టి లాక్కుంది. "ఇనుము తగిలితే ఆమె అక్కడ కూడా పని చేస్తూనే ఉండాలి, తెలీదూ? ఇక్కడ చేసింది చాల్లేదా?" అంది. శవం ముందు నన్ను కసిరింది. గుమ్మం దగ్గర ఆడవాళ్ళు నోటికి కొంగులడ్డం పెట్టుకున్నారు.

స్టెరియోస్ తల్లి వాడి పసితనంలోనే పోయింది. వాడికి అక్కాచెల్లెళ్ళు లేరు. ఈ సంగతి వాడికి చెప్పేవాళ్ళు లేరు.

"ఈ మేకులు ఎవరు కొట్టమన్నారు?" అన్నాను.

"ఎవరు చెప్తారు? మామూలు మేకులు తీస్తే ఆ పిడికిలితో నా వీపు మీద ఒక్కటిచ్చింది. రాగివి దొరికేదాకా ఊరంతా తిప్పింది. పడవలు బాగుచేసే కొట్లో దొరికాయి. నాతో పాటు నడిచింది కూడా. అక్కడక్కడా ఆగి గోడ పట్టుకుని దగ్గుతూ నడిచింది."

నేను లేవలేదు. మోకాళ్ళ మీదే ఉన్నాను.

"ఎందుకిచ్చింది?"

వాడు నేల మీదే చతికిలపడ్డాడు, బొమ్మకు అటువైపు.

"ఆమె గురువారాలు ఇక్కడికొచ్చేది నాసో."

"గురువారాలు డాక్టరింట్లో నేల తుడిచేది."

"పొద్దున తుడిచేది. మధ్యాహ్నం ఇక్కడికొచ్చేది. నా బొమ్మలు చూసేది. మొదటిరోజే ఏమందో తెలుసా? 'స్టెరియో, ఇవి నువ్వు గియ్యలేదు. ఫ్రెంచివాడు ముక్కు చీది పారేస్తే ఏరుకొచ్చావు' అంది."

అది హైదో మాటే. ఇంకెవరి నోటా అలాంటిది రాదు. నా ఎదుట మాత్రం ఆమె ఎప్పుడూ బొమ్మల గురించి మాట్లాడలేదు. ఆదివారం వీడు బొమ్మలు, గిమ్మలు అని మొదలుపెడితే ఆమె గిన్నెలు తీసేది. ఆమెకు విసుగనుకున్నాను.

"నాకు కోపమొచ్చింది," అన్నాడు వాడు. "'నీకేం తెలుసే నేతగత్తె' అన్నాను. 'నాకు తెలుపు తెలుసు' అంది. 'తెలుపులో పాలు వేరు, సున్నం వేరు, ఎముక వేరు. నువ్వు డబ్బాలో నుంచి పిండుతున్నావు, అంతే' అంది. ఆ రాత్రి నిద్రపట్టలేదు కుంబారే. అప్పటికి పదిహేనేళ్ళుగా పెద్దపెద్దవాళ్ళంతా నా భుజం తట్టి పోయినవాళ్ళే. నిజం చెప్పింది ఈమొక్కతే."

"గుడ్డ సంగతి చెప్పు."

"డాక్టరు చెప్పేశాడు కదా, ఇక లాభం లేదని. ఆ వారం తెచ్చింది. 'ఇది నా పదహారో ఏట కాబోయే అత్త చూడాలని నేశాను. చూసి మెచ్చుకుంది. అంతటితో దాని పనైపోయింది. దీన్ని చుట్టుకుని మట్టిలో పడుకోవడం నాకిష్టం లేదు. పడుకున్నది చాలు. దీన్ని నిలబెట్టు స్టెరియో, గోడకి నిలబెట్టు, నలుగురూ తలెత్తి చూసేట్టు' అంది. నేను వద్దన్నాను. కాళ్ళు పట్టుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకునేవాడివా?"

ఒప్పుకునేవాణ్ణి కాదు. అది వాడికీ తెలుసు.

మళ్ళీ పటకారు పట్టాను. ఆమె ఇష్టం ఆమెది, నా పని నాది. శనివారం ఎముకలు గుడ్డ లేకుండా పెట్టెలోకి వెళ్ళవు. ఒక వైపు మేకులన్నీ పీకాను. స్టెరియోస్ కదల్లేదు. వాడి ఇరవై ఏళ్ళ ఆకలి నా చేతికింద ఊడిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు. మదాం రుయెల్ ఏడుస్తోంది. అంచు పట్టుకుని మడవబోయాను.

వంగలేదు.

జిగురు, సున్నం, రంగు పొరలు పొరలుగా ఎండి గుడ్డ చెక్క అయిపోయింది. వేలితో కొట్టాను. తలుపు తట్టినట్టు మోగింది. ఇంకొంచెం బలం చేస్తే పెళుసుగా విరిగేది. కింద వేలాడే పోగులు మాత్రమే ఇంకా మెత్తగా ఉన్నాయి. వాటితో చిటికెనవేలు ఎముకైనా చుట్టలేం.

చాలాసేపు ఆ అంచు పట్టుకునే ఉన్నాను.

"వదిలెయ్," అన్నాడు స్టెరియోస్ మెల్లగా. "రా."

గది మూలన గోనెసంచి తెర ఉంది. పక్కకు జరిపాడు. వెనక మగ్గం. బొమ్మలు బిగించే చట్రాల కర్రలతో చేసిన మగ్గం. వంకరటింకరగా ఉంది, చేసింది వాడే. పడుగు బిగించే ఉంది. మోకాలెత్తు దాకా నేసిన తెల్లగుడ్డ, ఆపైన ఖాళీ పోగులు, పోగుల మధ్య ఆగిపోయిన నాడె. దుమ్ము లేదు. ఎవరో తుడుస్తున్నారు.

గుడ్డ అంచున నీలి గీతలు లేవు. ఒకే ఒక నల్ల గీత ఉంది. మా ఊళ్ళో అది మగవాడి గుడ్డ.

"నీది," అన్నాడు. "తనది నాకిచ్చేశాక ఇది మొదలుపెట్టింది. 'వాడిది వాడికి ఉండాలి, లేకపోతే చచ్చాక కూడా సణుగుతాడు' అంది. పూర్తి చేసే ఊరెళ్తానంది. చేతకాలేదు. నాకు నేయడం రాదు. తెంపడానికి చెయ్యి రాలేదు."

"నాకెందుకు చూపించలేదు? ఇన్నేళ్ళు?"

"చూపిస్తే ఆ గుడ్డ ఏదని అడుగుతావు. అడిగితే చెప్పాలి. పిరికివాణ్ణి కుంబారే. కొండల్లో కూడా నేను వెనక వరసే."

గుడ్డను ముట్టుకున్నాను. చలికాలం నీళ్ళలా చల్లగా ఉంది. పొడవు ఒక మనిషికి చాలదు. ఎముకలకు చాలుతుంది.

"నీది ఆమెకు చుట్టు," అన్నాడు వాడు. "ఇంకేముంది దారి?"

"నాకు చెప్పకు."

అగ్గిపెట్టె అడిగాను. వాడు కొవ్వొత్తి తెచ్చాడు. పోగు పోగూ కాల్చి తెంపాను. ఉన్ని కాలిన వాసన గదంతా నిండింది. స్టెరియోస్ కింద గుడ్డ పట్టుకున్నాడు, మసి పడకుండా. మదాం రుయెల్ ఏడుపు ఆపి వచ్చి తెర పక్కన నిలబడింది. ఆ ఆడమనిషికి మా భాష ఒక్క ముక్క రాదు. అయినా ఏదో అర్థమైనట్టు తన కోటు విప్పి పక్కన పెట్టింది.

గుడ్డ మడతపెట్టాక ఆమె స్టెరియోస్‌ని ఏదో అడిగింది.

"ఏమిటట?"

"ఇది నేసినావిడ పేరేమిటని అడుగుతోంది. ఆమ్‌స్టర్‌డాం పుస్తకంలో బొమ్మ పక్కన రాస్తుందట."

"పేరు లేదని చెప్పు."

"చెప్పను," అన్నాడు స్టెరియోస్. ఇవాళ మొదటిసారి వాడి గొంతు పెరిగింది. "ఇన్నాళ్ళూ పేరు లేకుండానే పెట్టాను. అలల నురగ అంటే తలూపాను. ఇక ఊపను." మదాం వైపు తిరిగి అక్షరం అక్షరం పలికాడు, "హై-దో." ఆమె తప్పు పలికింది. వాడు మళ్ళీ చెప్పాడు. ఆమె మళ్ళీ తప్పు పలికింది.

నేను గుడ్డను కోటు లోపల పెట్టుకుని తలుపు వైపు నడిచాను. వెనక ఏదో ఈడ్చిన చప్పుడు. తిరిగి చూశాను. వాడు మంచం కింద నుంచి పాత సూట్‌కేసు లాగుతున్నాడు. రెండు చొక్కాలు పడేశాడు, పటకారు పడేశాడు, మూత మూశాడు.

"ఎక్కడికి?"

"నీతో. ఊరికి."

"మతి పోయిందా? సరిహద్దు దగ్గరే పట్టుకుంటారు. రేపు నీ బొమ్మ వెళ్ళాలి. సగం మేకులు ఊడిపోయున్నాయి."

"మేకులు కొట్టడానికి మనుషులున్నారు. నన్ను పట్టుకుంటారంటావా, పట్టుకోనీ. ఆ పెట్టె చర్చి గదిలోకి వెళ్ళేలోపు నేనక్కడ ఉండాలి." వాడి మొహం సున్నంలా ఉంది. "ఆ గురువారం ఆమె నాకు గుడ్డొక్కటే ఇవ్వలేదు నాసో. మాట తీసుకుంది. తన ఎముకలు పైకి తీశాక ఎక్కడ పెట్టాలో చెప్పింది. అది మన ఊరు కాదు."

మదాం రుయెల్ ఇంకా ఆ పేరు పలకడానికి ప్రయత్నిస్తూనే ఉంది.

"అడుగు," అన్నాడు వాడు. "ఎక్కడో అడుగు."

నేను మెట్లు దిగడం మొదలుపెట్టాను. వెనక సూట్‌కేసు ఒక్కొక్క మెట్టుకీ కొట్టుకుంటూ దిగుతోంది. రెండో అంతస్తులో ఆగాను.

"అడగను," అన్నాను. "రైలెక్కితే ఎక్కు. పక్కనే కూర్చుంటే కూర్చో. జైలుకి పోతే పో. గుడ్డ నా దగ్గరుంది, సమాధి నా ఊళ్ళో ఉంది. ఆమె నీతో ఏం చెప్పిందో నాకు అక్కర్లేదు. ఈ సంగతి మీద ఇక నా నోట మాట రాదు. నీతో కాదు, పాపా-లూకాస్‌తో కాదు, ఆ సమాధి ముందు నిలబడి ఆమెతో కూడా కాదు. చచ్చేదాకా రాదు."